కార్డు చేతిలో ఉంది, పేరు జాబితాలో లేదు

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దిక్కు ఒక పల్లె. తొమ్మిదేండ్ల సంది దుబాయ్‌ల ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న. 2024 మే నెలల చెల్లె పెండ్లికి ఊరికొచ్చిన. 13 తారీకు నాడు పోలింగు ఉంటే బడి కాడికి పోయి లైన్ల నిలబడ్డ. ఓటరు కార్డు చేతులనే ఉంది. లిస్టుల పేరు లేదన్నరు. గంటన్నర నిలబడి ఓటెయ్యకుంట ఇంటికొచ్చిన. దుబాయ్ నుంచే మళ్ల కార్డుకు అప్లై చేయొచ్చా? ఊళ్లె ఒకాయన మూడు వేలు ఇస్తే కార్డు తెప్పిస్త అంటున్నడు. మా తమ్ముడేమో, ఊళ్లెనే ఉంటున్నట్టు రాసి మామూలు ఫారం పెడదామంటున్నడు. మా బావ మిలటరీల ఉంటడు, ఆయనకు ఓటు అక్కడికే పోతది. మాకు ఇక్కడ కాన్సులేట్‌ల ఎందుకు పెట్టరు? ఇంకో మాట, నా పాస్‌పోర్టుల పాత ఇంటి అడ్రసు ఉంది. అమ్మ ఇప్పుడు అదే ఊళ్లె కొత్త ఇంట్ల ఉంటది. ఏం చేయమంటవో చెప్పు.

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. నేను చాలా ఏళ్లు రెవెన్యూలో పనిచేశాను. ఓటర్ల జాబితాల పని నా చేతుల మీదుగా ఎన్నోసార్లు నడిచింది. కార్డు పట్టుకుని వచ్చి, పేరు లేదని తెలిసి వెనక్కి వెళ్లిపోయిన మనుషుల్ని బల్లకు ఇవతలి నుంచి చూసినవాణ్ని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. ఓటు కార్డులో లేదు, జాబితాలో ఉంది. కార్డు నువ్వెవరో చెబుతుంది, అంతే. జాబితాలో పేరు లేకపోతే ఎంత కొత్త కార్డు ఉన్నా ఓటు వేయనివ్వరు. కాబట్టి నువ్వు వెతకాల్సింది కార్డు కోసం కాదు, పేరు కోసం.

నీ పేరు ఎందుకు పోయింది? మన చట్టంలో మామూలు ఓటరు తానున్న చోట ‘సాధారణంగా నివసించే’ మనిషి అయి ఉండాలి. ఇంటింటి పరిశీలనకు వచ్చిన బీఎల్‌వో, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసుకునే ఉద్యోగి, మీ వాకిట్లో నిలబడి, ‘అమ్మా, పెద్దబ్బాయి యాడుంటడు?’ అని అడుగుతుంది. అమ్మ ఉన్నమాటే చెబుతుంది: ‘దుబాయ్‌ల ఉంటడు బిడ్డా, రెండేండ్లకోసారి వస్తడు.’ బీఎల్‌వో తన కాగితంలో ఊళ్లో లేడని రాసుకుంటుంది. ఇందులో అమ్మ తప్పు లేదు, వచ్చినామె తప్పూ లేదు. కానీ అలా ఊరు విడిచాడని పేరు తీసేసే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ అంటోంది. నోటీసు వచ్చి ఉంటే ఇంటికే వచ్చి ఉంటుంది. అమ్మ దాన్ని ఏ గూట్లోనో కరెంటు బిల్లుల కింద పెట్టి ఉండొచ్చు, ఒకసారి వెతకమను. పోయిన పేరు ఆ కాగితంతో తిరిగి రాదు గానీ, ఎప్పుడు, ఏ కారణం రాసి తీసేశారో తెలుస్తుంది.

ఇప్పుడు దారి. 2010లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి 20ఎ సెక్షన్ చేర్చింది, 2011 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉద్యోగం కోసం దేశం దాటి స్థిరంగా ఉంటున్నవాడికి జాబితాలో చోటే లేదు. ఈ సెక్షన్ వచ్చాక, భారత పౌరసత్వం వదులుకోని, పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి చదువు కోసమో పని కోసమో విదేశంలో ఉన్నా, తన పాస్‌పోర్టులో ఉన్న ఇంటి చిరునామా ఏ నియోజకవర్గంలో ఉందో అక్కడ ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. దీనికి ఫారం 6ఎ. చివరి ‘ఎ’ని మరిచిపోకు. ఉత్త 6 ఊళ్లో ఉండేవాళ్ల ఫారం, నీది కాదు.

కార్డు సంగతి కూడా చెప్పేస్తాను. ప్రవాస ఓటరుకు ఓటరు కార్డు ఇవ్వరు. నీకిది నిరాశగా ఉంటుందని తెలుసు. అయితే దానివల్ల నీ ఓటుకు లోటేమీ లేదు. పోలింగు రోజు నీ ఒరిజినల్ పాస్‌పోర్టే నీ కార్డు. మిగతావాళ్లలాగా ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే నీకు కుదరదు. పాస్‌పోర్టు జిరాక్సు, ఫోన్‌లో ఫొటో కూడా చెల్లవు. నీ దగ్గరున్న పాత ఓటరు కార్డును మాత్రం 6ఎ పెట్టేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. ఆ మాట ఫారంలోని ప్రకటనలోనే ఉంటుంది. కార్డు ఇంట్లోనే ఉంటే, బీఎల్‌వో వచ్చినప్పుడు అమ్మ చేతుల మీదుగా ఇప్పించి, ఇచ్చినట్టు కాగితం మీద రాయించుకోమను. ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసి నీకు పంపమను, పాత నంబరు ఎప్పుడైనా అవసరపడొచ్చు.

మూడు వేలు అడిగే ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. ఫారం 6ఎకు ఫీజు లేదు. పైగా ప్రవాస ఓటరుకు లేని కార్డును ఆయన తెప్పిస్తానంటున్నాడంటే, నిన్ను ఊళ్లో ఉన్నట్టు చూపించబోతున్నాడనే అర్థం. మీ తమ్ముడు చెప్పేదీ అదే. నీ మీద ప్రేమతోనే చెబుతున్నాడు, కాదనను. కానీ ఊళ్లో లేని మనిషి ఊళ్లో ఉన్నానని రాసి సంతకం పెట్టడం తెలిసి తెలిసి అబద్ధపు ప్రకటన ఇవ్వడమే. అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శిక్ష దాకా పోకపోయినా, బీఎల్‌వో మళ్లీ వస్తుంది, అమ్మ మళ్లీ ‘దుబాయ్‌ల ఉంటడు’ అంటుంది, పేరు మళ్లీ పోతుంది. నిజం రాసి నిలబెట్టుకునే దారి ఉండగా అమ్మ చేత అబద్ధం ఎందుకు చెప్పించాలి?

ఇక దుబాయ్ నుంచి ఎలా పెట్టాలో చెబుతాను. ఎన్నికల సంఘం ఓటర్ల సేవల పోర్టల్ ఉంది, ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్. అందులో ఖాతా తెరిచేటప్పుడే విదేశాల్లో ఉండే ఓటరు అన్న విభాగం ఎంచుకో. తరవాత ఫారం 6ఎ తెరువు. అందులో రాష్ట్రం, జిల్లా, అసెంబ్లీ నియోజకవర్గం ఎంచుకోవడంలో పొరపాటు పడకు. మీ ఊరు ఏ నియోజకవర్గం కిందికి వస్తుందో తమ్ముడి కార్డు మీదే ఉంటుంది, అది చూసి నింపు. ఆ పైన పాస్‌పోర్టు నంబరు, ఎక్కడ ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి, వీసా వివరాలు, ఏ కారణంతో దేశం బయట ఉన్నావు, ఏ తేదీ నుంచి ఉన్నావు, ఇప్పుడు అక్కడ ఏ చిరునామాలో ఉంటున్నావు అని అడుగుతారు. ‘ఏ తేదీ నుంచి’ అన్న గడిలో ఉజ్జాయింపుగా రాయకు. మొదటిసారి వెళ్లినప్పుడు పాత పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ వాళ్లు కొట్టిన ముద్ర చూసి ఆ తేదీ వేయి. ఈమధ్య దిగిన కలర్ ఫొటో ఒకటి, పాస్‌పోర్టులో నీ ఫొటో ఉన్న పేజీ, ఇంటి చిరునామా ఉన్న చివరి పేజీ, వీసా పేజీ జత చేయాలి.

ఆ వీసా పేజీ దగ్గర దుబాయ్‌లో ఉన్నవాళ్లందరికీ ఒక చిక్కు ఉంది. 2022 నుంచి అక్కడ పాస్‌పోర్టులో రెసిడెన్సీ స్టిక్కర్ అంటించడం ఆపేశారు, అక్కడి గుర్తింపు కార్డు ఎమిరేట్స్ ఐడీనే రెసిడెన్సీకి, అంటే అక్కడ ఉండే అనుమతికి, రుజువు. ఇక్కడ మన ఆఫీసులో కాగితాలు చూసేవాళ్లు స్టాంపు ఉన్న పేజీ కోసం వెతుకుతారు. అందుకని ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, నీ రెసిడెన్సీ ఆన్‌లైన్ ప్రింటు కలిపి ఒకే ఫైలు చేసి, ‘యూఏఈలో 2022 నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ వేయడం లేదు, ఇది నా రెసిడెన్సీ పత్రం’ అని పైన ఒక్క వాక్యం రాసి పెట్టు. ఆ ఒక్క వాక్యం లేక వెనక్కి తిరిగి వచ్చే దరఖాస్తు నీది కాకూడదు.

ఆన్‌లైన్‌లో కుదరకపోతే, ఫారం కాగితం మీద నింపి, ప్రతి జిరాక్సు మీద నువ్వే సంతకం పెట్టి, నియోజకవర్గం ఎన్నికల నమోదు అధికారికి పోస్టులో పంపొచ్చు. ఆ అధికారిని ఈఆర్‌వో అంటారు, మన దగ్గర ఎక్కువగా ఆర్డీవో స్థాయి మనిషి ఉంటాడు. ఖాళీ ఫారం విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లోనూ ఉచితంగా ఇస్తారు. సెలవులో ఊరికి వచ్చినప్పుడైతే నేరుగా ఆఫీసుకు వెళ్లి పెట్టొచ్చు. పాస్‌పోర్టు చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు, రేపు రమ్మని దగ్గర పెట్టుకోనివ్వకు. ఎలా పెట్టినా దరఖాస్తుకు రెఫరెన్సు నంబరు వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి తమ్ముడికీ పంపు.

అసలు కథ అప్పుడు మొదలవుతుంది. పోర్టల్‌లో పెట్టేశాం, ఇక పేరు వచ్చేస్తుందనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నీ కాగితాలు సరిచూడటానికి బీఎల్‌వో పాస్‌పోర్టులో ఉన్న చిరునామాకు వెళుతుంది. ఆ ఇంట్లో ఉన్న బంధువును అడుగుతుంది, కాగితాలు సరైనవేనని వాళ్ల చేత రాయించుకుంటుంది. నీ పాస్‌పోర్టులో ఉన్నది పాత ఇల్లు. ఆమె ఆ ఇంటికి వెళ్లేసరికి తాళం ఉంటుంది. లేదా అద్దెకున్నవాళ్లు తలుపు తీసి, ‘ఆ పేరు గలాయన ఇక్కడ ఎవరూ లేరు’ అంటారు. వాళ్లు చెప్పింది నిజమే, కానీ నీ దరఖాస్తు అక్కడ ఆగిపోతుంది. బంధువులెవరూ దొరకని పక్షంలో ఆ కాగితాలను సరిచూడమని నువ్వున్న దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపే పద్ధతి కూడా ఉంది. అదంతా చాలా సమయం తీసుకుంటుంది. ఊళ్లోనే పనయ్యే మార్గం నీకుంది కాబట్టి అంతదాకా రానివ్వకు.

అందుకని ఫారం పెట్టిన రోజే మీ వాడ బీఎల్‌వో ఎవరో తమ్ముడి చేత కనుక్కోమను. మన ఊళ్లలో చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో ఉంటారు. ముఖం తెలిసిన మనిషే అయి ఉంటుంది. పాత ఇల్లు మనదేనని, అమ్మ ఇప్పుడు ఫలానా వాడలో ఉంటోందని, మా అన్న 6ఎ పెట్టాడని ముందే చెప్పి రమ్మను. పాత ఇంటి పక్కవాళ్లకూ ఒక మాట చెప్పి ఉంచమను, అడిగితే అమ్మ ఉండే ఇల్లు చూపించడానికి. అమ్మ దగ్గర నీ పాస్‌పోర్టు పేజీల జిరాక్సులు ఒక కవరులో పెట్టించు. బీఎల్‌వో వచ్చినప్పుడు పెద్దామె కంగారు పడకుండా ఆ కవరు తీసి చేతికిస్తే చాలు. ఈసారి ‘దుబాయ్‌ల ఉంటడు’ అని అమ్మ ధైర్యంగా చెప్పొచ్చు. ఈ ఫారానికి కావలసిన జవాబే అది.

అన్నీ సరిపోతే ఈఆర్‌వో నీ పేరు చేర్చి, ఆ సంగతి నువ్విచ్చిన ఫోన్‌కు మెసేజీగా, అక్కడి చిరునామాకు పోస్టుగా తెలియజేస్తారు. ఒకవేళ తిరస్కరిస్తే 15 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లోపు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. ఇంకో సంగతి, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకు. నామినేషన్ల చివరి రోజు దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు ఎక్కించరు. ఎన్నికల హడావుడి లేని రోజుల్లో పెట్టిన దరఖాస్తును మా ఆఫీసుల్లో తీరిగ్గా చూసేవాళ్లం. ఎన్నికల ముందు కట్టలు కట్టలుగా వచ్చిపడే వాటిలో చిన్న లోపం ఉన్నా పక్కకు వెళ్లేది.

కాన్సులేటులో ఓటు సంగతి. మీ బావది సర్వీసు ఓటు. సైనికులకు, విదేశాల్లోని మన కార్యాలయాల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులకు చట్టం పోస్టల్ బ్యాలెట్ ఇచ్చింది. నీలాంటి ప్రవాస ఓటరు మాత్రం సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి స్వయంగా వచ్చి వేయాల్సిందే. దీన్ని మార్చాలని ప్రయత్నాలు జరిగాయి. తన తరఫున ఊళ్లో ఇంకొకరు ఓటు వేసేలా ప్రాక్సీ ఓటింగ్ బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో నెగ్గింది, రాజ్యసభ దాటకుండానే 2019లో సభ రద్దవడంతో మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను ప్రవాసులకూ ఇవ్వొచ్చని ఎన్నికల సంఘం 2020 నవంబరులో న్యాయశాఖకు రాసింది. అదింకా ఓటుగా మారి మీదాకా రాలేదు.

ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది. వచ్చి ఓటు వేసినవాళ్లు 2,958. అందులో 2,670 మంది ఒక్క కేరళవాళ్లే. గల్ఫ్‌లోని మలయాళీ సంఘాలు పనిగట్టుకుని మనుషుల్ని నమోదు చేయిస్తాయి, పోలింగుకు కలిసి విమానం ఎక్కిస్తాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి ఊళ్ల నుంచి ఇంటికొకరు చొప్పున గల్ఫ్‌కు వెళ్లిన వాడలున్నాయి. అక్కడ చనిపోయిన కొడుకు శవం కోసం ఎదురుచూసిన తల్లులున్నారు. ఆ ఇళ్ల గోడు పట్టించుకోవాలని నాయకులకు ఎప్పుడు అనిపిస్తుంది? జాబితా చివర ఆ పేర్లు గుంపుగా కనబడినప్పుడు. ఒక్కడివే పెట్టుకోకుండా నీ క్యాంపులో ఉన్న మనవాళ్లతో కూడా 6ఎ పెట్టించు. సెలవు పూట నలుగురు కూర్చుంటే నాలుగు ఫారాలు అయిపోతాయి.

పోలింగు రోజున ఏం జరుగుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఒక చిన్న గండం ఉంది. ఒక ఎన్నికలో నేను డ్యూటీ మీద తిరుగుతుంటే, ఒక బూత్ బయట ముప్ఫై ఏళ్ల అబ్బాయి మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు. తెల్లవారుజామున విమానం దిగి నేరుగా వచ్చాడు. లోపల పేర్లు చూసే ఉద్యోగి వార్డువారీగా వెతికి ‘లేదు’ అన్నాడట. కార్డు అడిగితే పాస్‌పోర్టు చూపించాడు, ఇది కాదన్నారట. అతణ్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి, జాబితా చివరి కాగితం తిప్పమన్నాను. ప్రవాస ఓటర్లని విడిగా ఒక శీర్షిక, దాని కింద ఒకే ఒక్క పేరు. ఆ ఉద్యోగి అలాంటి పేజీని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ అబ్బాయి వేలికి సిరా పెట్టించుకుని బయటకు వచ్చి, పాస్‌పోర్టు పక్కన వేలు పెట్టి ఫొటో తీసుకున్నాడు. చేయి కొద్దిగా వణకడం నాకు కనబడింది. కాబట్టి నువ్వు లైన్లోంచి లోపలికి వెళ్లగానే ‘నేను ప్రవాస ఓటరును, జాబితా చివర చూడండి’ అని నువ్వే చెప్పు. అంతకు వారం ముందు పోర్టల్‌లో నీ పేరు, వరుస నంబరు చూసుకుని చిన్న కాగితం మీద రాసుకుని వెళ్లు.

నమోదయ్యాక గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. పాస్‌పోర్టు రెన్యువల్ అయినా, అక్కడి చిరునామా మారినా ఈఆర్‌వోకు తెలియజేయి. రెన్యువల్‌కు పెట్టేటప్పుడు పాస్‌పోర్టులో ఊరి చిరునామానే ఉండేలా చూసుకో, నీ ఓటు ఆ చిరునామాను పట్టుకునే ఉంది. ఎప్పటికైనా దుబాయ్ వదిలి ఊరికి వచ్చేసి స్థిరపడితే, ఆ సంగతి చెప్పి ప్రవాస జాబితాలోంచి పేరు తీయించుకుని, అప్పుడు మామూలు ఫారం 6 పెట్టు. ఆనాడు నీకు కార్డు కూడా వస్తుంది.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇంకా భారత పౌరులే, వాళ్లు 6ఎ పెట్టొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు మీద వచ్చిపోయేవాళ్లకు ఇక్కడ ఓటు లేదు.

తమ్ముడూ, ఫారం రేపో ఎల్లుండో నింపొచ్చు. ఈ రాత్రి మాత్రం అమ్మకు ఫోన్ చెయ్. గూట్లో కాగితాలు వెతకమను, పాత కార్డు తీసి పక్కన పెట్టమను, పొద్దున్నే పాత ఇంటి పక్కవాళ్లతో మాట్లాడి రమ్మను. పేరు వచ్చాక నాకు ఒక చిన్న ఉత్తరం రాయి, ఎదురుచూస్తుంటాను.